తెల్ల కంబళి నాలుగో మూల

తాష్‌బులాక్,
సెప్టెంబర్ 14

ఒరేయ్ సగిన్‌బెక్,

ఎలా ఉన్నావని అడగను. వేళకి తిండి, తలమీద కప్పు, గుమ్మంలో తుపాకీ పట్టుకుని కాపలా. మన ఊళ్లో ఇంత మర్యాద ఎవడికి జరిగింది? ఇరవై ఏళ్లు బళ్లో భూగోళం చెప్పావు, ఇప్పుడు నీ భూగోళమంతా నాలుగు గోడల్లోకొచ్చింది.

నీకంటే ముందు ఈ ఉత్తరం చదివే ఆఫీసరు గారికి కూడా నమస్కారం. సార్, నేను బజారులో బూట్లు బాగుచేసేవాణ్ణి, మీ మడమలు అరిగితే పంపండి. బడి నన్ను ఎనిమిదిలోనే వదిలించుకుంది. కాబట్టి ఇందులో తప్పులుంటే అవి రహస్య సంకేతాలు కావు, తప్పులే.

పొట్లంలో కురుత్ ఉండలు పెట్టాను. పళ్లు జాగ్రత్త, మా ఆవిడ ఎండబెట్టిన పెరుగు రాయితో సమానం. బూట్ల లోపలేసుకోడానికి ఉన్ని అట్టలు కూడా ఉన్నాయి, నేనే కత్తిరించా. నీ కాలి కొలత నాకు కొత్తగా అడగాలా?

తీర్పు రోజు రాలేకపోయాన్రా. నడుము పట్టేసింది. మంచం మీద బోర్లా పడున్నా.

అసలు నీకెందుకురా ఆ పిటిషను? ముసలి ఒరోజ్‌బాయ్ ఊరి అధ్యక్షుడి కుర్చీ దిగి చిన్నకొడుకు మెదెర్‌ని కూర్చోబెడతానన్నాడు. తండ్రి ఇల్లు చిన్నకొడుక్కే కదా మనలో. ముసలాడు ఊరు కూడా ఇల్లే అనుకున్నాడు, అంతే. ‘కాదు, ఎన్నిక పెట్టండి’ అని నాలుగు వీధుల్లో సంతకాలు పెట్టించావు. మా నాలుగో వీధి సంతకాలన్నీ దొంగవని తేల్చి నీకు మూడేళ్లు వేశారు.

సరే, అసలు సంగతి. నీకిప్పుడు బోలెడు తీరిక. ఆయ్‌కోల్ మళ్లీ మొదలెడదామా? పదకొండేళ్లప్పుడు టీ పొట్లాల కాగితాల మీద ఇద్దరం కట్టిన రాజ్యం, పెళ్లిళ్లయ్యాక పాడుబెట్టాం. చంద్రుడు స్నానానికి దిగే సరస్సు, చుట్టూ నాలుగు లోయలు, గాలుల్ని మూటకట్టే ఆడవాళ్లు, ఈకలున్న గొర్రెలు, మూడొందల ఏళ్ల తెమిర్ ఖాన్, ఆయన మంత్రి బూడిదరంగు తోడేలు. ఆస్థానంలో కోతి వేషాలేసే చిచ్కన్, ఎలుకంత మనిషి, వాడు నావాడు. రూల్సు గుర్తున్నాయిగా? ఒకడు రాసిందాన్ని ఇంకోడు కొట్టెయ్యకూడదు, దానిమీదే కట్టాలి. అది నీ రూలు. ఖాన్ మాట్లాడకూడదు, ఆయనేమన్నాడో పక్కవాళ్లే చెప్పాలి. అది నా రూలు.

నా వంతు నేనే వేస్తున్నా. తెమిర్ ఖాన్ పోయాడు. చిచ్కన్ చెప్పిన జోకుకి నవ్వుతుంటే రేగుపండు గింజ అడ్డంపడింది. చిన్నకొడుక్కి తొంభై ఏళ్లు, ఇంకా పాలపళ్లు ఊడలేదు. సింహాసనం వాడిదేనని తోడేలు చాటింపు వేయించింది. ఇప్పుడు కట్టు.

అన్నట్టు నేను పాతచోట లేను. బజారు గేటు పక్కనే కొత్త కొట్టు, పైన రేకు. వానొస్తే బూట్లు తడవవు.

నీ
బెయిషెన్

*

శిక్షా శిబిరం, ఏడో బ్యారక్,
అక్టోబర్ 9

ఒరేయ్ బెయిషెన్,

ఉత్తరం అందింది. మూడుచోట్ల నల్లసిరా పూసి ఇచ్చారు. కురుత్ సగం తనిఖీలోనే తినేశారు. అట్టలు మాత్రం అందాయి, సరిగ్గా సరిపోయాయి. ఇక్కడ నేలలోంచి చలి కాళ్లల్లోకి ఎక్కుతుంది, అవి లేకపోతే ఏమయ్యేదో.

నడుము ఎలా ఉంది? చిన్నప్పట్నుంచీ నీకు నడుం నొప్పి అని వినలేదు.

రెండు విషయాలు. మా ఆవిడ జీపర్ ఉత్తరాల్లో అంతా బాగుంది అని రాస్తోంది. బాగా లేనప్పుడే ఆవిడ అలా రాస్తుంది. బజారులో కనబడితే ఒకసారి పలకరించు.

రెండోది. మా వకీలు వచ్చాడు. మార్చి పదిన పై కోర్టులో మళ్లీ వింటారట. ఆ సంతకాలు నిజమైనవేనని నాలుగో వీధి మనిషి ఒక్కడొచ్చి చెబితే చాలు, కేసు నిలబడదు అన్నాడు. ఒక్కడు. ఆ వీధిలో ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించింది నువ్వే కదా, ఎవరు పెట్టారో నీకంటే బాగా ఎవరికి తెలుసు? చూడు.

ఇక ఆయ్‌కోల్. చాటింపు విని నాలుగు లోయల వాళ్లూ సరస్సు ఒడ్డున చేరారు. “ఖాన్ తండ్రి కడుపులోంచి రాడు, జనం చేతుల్లోంచి వస్తాడు” అన్నారు. వెనకటి పద్ధతి బయటికి తీశారు. తెల్ల కంబళి పరిచి, ఎన్నుకున్న మనిషిని దానిమీద కూర్చోబెట్టి, లోయకొకరు చొప్పున నలుగురు నాలుగు మూలలు పట్టుకుని పైకెత్తాలి. ఎత్తితేనే ఖాన్. ఏ ఒక్కడు వదిలేసినా కాదు.

మూడు మూలలకి మనుషుల్ని నేను పెట్టాను. నాలుగో మూల నీ చిచ్కన్‌కిచ్చాను. మొయ్యగలడా?

సగిన్‌బెక్

*

తాష్‌బులాక్,
నవంబర్ 20

ఒరేయ్ పంతులూ,

ఎలుకంత మనిషికి కంబళి మూల ఇస్తావురా? ఇన్నేళ్లయినా నీకు బరువు లెక్క రాలేదు.

ఊళ్లో కబుర్లు చెప్తా. మెదెర్ కుర్చీ ఎక్కాడు. రిబ్బను కట్ చెయ్యబోతే కత్తెరకి తెగలేదు, చివరికి పళ్లతో కొరికాడు. నేను చప్పట్లు కొట్టా. అందరూ కొట్టారు, నా ఒక్కడి చేతులు ఊరుకుంటే చలేస్తుంది కదా. ముసలాడు పక్కన కూర్చుని కొడుకు ఏం మాట్లాడాలో పెదాలు కదిపి చూపిస్తున్నాడు. ఇక ఆ పెదాలతోనే ఊరు నడుస్తుంది చూడు.

జీపర్ చెల్లెమ్మ కనబడితే పలకరించకుండా ఉంటానా? ఈమధ్య గేటు వైపు రావట్లేదు. ఎదురుగా దారుండగా చుట్టుతిరిగి వెనక సందులోంచి బజారుకొస్తోంది. నా కొత్త చోటు తెలీదేమో.

వకీలు సంగతి. అడిగాన్రా. నలుగురైదుగుర్ని అడిగా. మూడో ఇంటి ముసలమ్మ తలుపేసుకుంది. రొట్టెల బట్టీవాడు “నాకు సంతకమే రాదు” అన్నాడు, పెట్టింది నా కళ్లముందే. జనానికి భయంరా. భయపడినోణ్ణి నువ్వేం చేస్తావు, నేనేం చేస్తాను? మార్చి ఇంకా దూరం, ఏదో ఒకటి చూద్దాం.

ఇదిగో నా వంతు. కంబళి పరిచారా, అందరికంటే ముందు ఒక మేక పోయి దానిమీద కూర్చుంది. దిగదే! ఎవర్ని ఎన్నుకోవాలో తేల్చడానికి లోయల్లో ఓట్లు వేశారు. తోడేలు లెక్కపెట్టి నవ్వాపుకోలేకపోయింది. ఏమందో తెలుసా? “వీటిల్లో సగం గొర్రెలు వేసినవి, మిగతా సగం గొర్రెల్నైనా అడక్కుండా వేసినవి.” సభంతా పడీపడీ నవ్వింది. చిచ్కన్ ఆ సందట్లో మూల వదిలేసి మేకకి గడ్డి పెట్టడానికి పోయాడు.

బాగుందా లేదా? నవ్వావా లేదా? నవ్వకపోతే ఆఫీసరు గార్ని అడుగు, ఆయన నవ్వే ఉంటాడు.

ఈసారి పొట్లంలో తల్కాన్ పెట్టా, వేయించి విసిరిన పిండి, నీళ్లలో కలుపుకు తాగు.

బెయిషెన్

*

శిక్షా శిబిరం,
డిసెంబర్ 18

బెయిషెన్‌కి,

తల్కాన్ అందింది.

ఆ గొర్రెల మాట నేనింతకు ముందు ఎక్కడో విన్నాను. ఎక్కడ విన్నానో గుర్తుచేసుకుంటూ ఉన్నాను. నువ్వు కూడా గుర్తుచేసుకో.

జీపర్‌కి నీ కొత్త చోటు తెలుసు. గేటు పక్క కొట్టు కోసం పదకొండేళ్లు అర్జీలు పెట్టావు, ఒరోజ్‌బాయ్ నీ మొహం కూడా చూడలేదు. ఇప్పుడు అడక్కుండానే ఎవరిచ్చారు?

ఆయ్‌కోల్‌లో మేకని దింపేశాను. చిచ్కన్ తిరిగొచ్చి తన మూల పట్టుకున్నాడు. ఓట్లు మళ్లీ లెక్కపెట్టారు, అన్నీ మనుషులవే. ఎన్నికైంది అసిల్, గాలుల్ని మూటకట్టే ఆడమనిషి. ఏ లోయకి ఎంత గాలి కావాలో ఆవిడకి తెలుసు, ఎవరికీ ఎక్కువివ్వదు. మంచు కరిగే మొదటి రోజున ముహూర్తం. అసిల్ వచ్చి కంబళి మధ్యలో కూర్చుంది. నలుగురూ వంగి మూలలు పట్టుకున్నారు.

ఇక్కడ ఆపాను. ఎత్తడం నువ్వు రాయాలి. గొర్రెలూ మేకలూ వద్దు. ఎత్తడం రాయి.

సగిన్‌బెక్

*

తాష్‌బులాక్,
ఫిబ్రవరి 2

సగిన్,

ఆలస్యమైందని తిట్టుకోకు. నాలుగు ఉత్తరాలు రాసి నాలుగూ పొయ్యిలో పెట్టా. మా ఆవిడ “పంతులు గారికి ప్రేమలేఖలు రాస్తున్నావా” అంటోంది. మొదటిదాంట్లో మేక మళ్లీ వచ్చింది. రెండోదాంట్లో అసిల్‌కి తుమ్మొచ్చి గాలి మూట ఊడి అందరూ ఎగిరిపోయారు. అది బాగానే వచ్చింది, నిజంగా. కానీ నువ్వు వద్దన్నావుగా.

సరే, రాస్తున్నా. ఆపకుండా చదువు.

మంచు కరిగింది. నలుగురూ ఎత్తారు. కంబళి మోకాళ్లదాకా లేచింది, నడుం దాకా లేచింది. అసిల్ కళ్లు మూసుకుంది. చిచ్కన్ మునివేళ్ల మీద నిలబడ్డాడు, మిగతా ముగ్గురి ఎత్తుకి అందాలిగా. వాడికి ఆ రోజు ఎంత గర్వంగా ఉందో నువ్వెప్పుడూ రాయలేవు, ఎందుకంటే నిన్ను చూసి ఎవడూ ఎప్పుడూ నవ్వలేదు. వాణ్ణి చూస్తే మాత్రం పుట్టినప్పట్నుంచీ అందరూ నవ్వేవాళ్లే. నాలుగు లోయల మనుషులు నవ్వకుండా వాణ్ణి చూడటం అదే మొదటిసారి.

అప్పుడు తోడేలు నెమ్మదిగా వాడి వెనక్కొచ్చింది. అరవలేదు, కరవలేదు. చెవిలో చెప్పింది. “చిచ్కన్, నీ కన్నం రాతికింద ఉంది కదా. వానాకాలం నీళ్లొస్తాయి కదా. నీ పిల్లలు తడుస్తారు కదా. రేపట్నుంచి ఆ రాయి కూడా ఉండదు. వదిలేస్తే మాత్రం, ఎండతగిలే చోట, పైన కప్పుతో, కొత్త కన్నం. ఎవరూ చూడరు. నీ పేరు బయటికి రాదు. నువ్వెప్పుడూ చేసే జోకే అనుకుంటారు.”

చిచ్కన్ చెయ్యి చెమట పట్టింది. ఉన్ని జారుతుందిరా చెమట పడితే. నీకు తెలీదు, నాకు తెలుసు, నేను ఉన్నితో పనిచేసేవాణ్ణి.

వదిలేశాడు.

అసిల్ తలకిందులుగా పడింది. కాలు విరిగింది. తోడేలు ఆవిణ్ణి ఎండిపోయిన బావిలో దింపి మూతపెట్టింది. మూడేళ్లు. చిచ్కన్ ఏదో జోకు చెప్పాడు, సభంతా నవ్వింది. పాలపళ్ల రాకుమారుడు సింహాసనమెక్కాడు.

ఇదీ ఎత్తడం. రాసేశా. రాసిందాన్ని కొట్టెయ్యకూడదన్న రూలు పెట్టిన వెధవ ఎవడ్రా?

మార్చి పది గుర్తుంది. వకీలు పేరు, కోర్టు గది నంబరు జీపర్ దగ్గర తీసుకుంటా. నేనే వెళ్లి అడుగుతా, వెనక సందులోకే వెళ్తా. నాలుగో వీధి మనిషి ఒకడొస్తాడు. నడుము కుదురుగా ఉంటే.

అట్టలు అరిగాయా? కొత్తవి కత్తిరించనా?

బెయిషెన్

*

శిక్షా శిబిరం,
మార్చి 27

మహారాజశ్రీ చిచ్కన్ ఖాన్ గారికి,

పదో తారీకు పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టి పన్నెండింటిదాకా కూర్చోబెట్టారు. తలుపు చప్పుడైనప్పుడల్లా వకీలు వెనక్కి తిరిగి చూశాడు. నేను చూడలేదు. జీపర్ చూసింది. పన్నెండు గంటల పది నిమిషాలకి జడ్జి కళ్లజోడు మడిచి పెట్టుకున్నాడు. మిగిలిన రెండేళ్ల ఐదు నెలలూ అలాగే ఉన్నాయి.

గొర్రెల మాట ఎక్కడ విన్నానో చెప్తాను. ఆగస్టులో, తీర్పు రోజు. ‘నాలుగో వీధి నివాసి’ ఇచ్చిన వాంగ్మూలం చదివారు. వాళ్లు మాట నిలబెట్టుకున్నారు, పేరు చదవలేదు. సంతకాలు పంతులు చెబితే తానే సరదాకి గీకేశానని రాసిచ్చాడట ఆ నివాసి. కింద ఇంకో వాక్యం ఉంది. “సగం గొర్రెలు పెట్టినవి, మిగతా సగం గొర్రెల్నైనా అడక్కుండా పెట్టినవి.” కోర్టంతా నవ్వింది. జడ్జి నవ్వాడు. నేను కూడా నవ్వబోయాను బెయిషెన్. నోరు తెరిచాక తెలిసింది ఆ మాట ఎవరిదో. ముప్ఫై అయిదేళ్లుగా నన్ను నవ్విస్తున్న మాటతీరు, పేరు చదవకపోతే గుర్తుపట్టలేననుకున్నావా?

నీ మొదటి ఉత్తరం విప్పేనాటికే తెలుసు. తెలిసే అట్టలేసుకున్నాను. తెలిసే ఆడాను. ఒక్కో వంతులో నీకు ఒక్కో తలుపు తీసిపెట్టాను. నువ్వు ప్రతిసారీ దాంట్లోంచి ఒక మేకని పంపావు. ఫిబ్రవరిలో మేక రాలేదు. అప్పుడు మాత్రం ఆశపడ్డాను. ఈ ఏడాదిలో నేను చేసిన బుద్ధితక్కువ పని అదొక్కటే. పిటిషను కాదు.

ఇది నా వంతు, ఆఖరుది.

పాలపళ్ల రాకుమారుడు పళ్లు ఊడకుండానే పోయాడు. ఈసారి ఎవర్ని ఎత్తాలని తోడేలు ఆలోచించింది. చిచ్కన్‌ని ఎత్తింది. నాలుగు మూలలూ తోడేలే పట్టుకుంది, ఏదీ జారలేదు. ఎండతగిలే చోట, పైన కప్పు కింద, చిచ్కన్ సింహాసనం మీద కూర్చున్నాడు. జోకు చెబుదామని నోరు తెరిచాడు.

ఖాన్ మాట్లాడకూడదు. నీ రూలు.

అట్టలు ఇక్కడ కాళ్లు పగిలిన ముసలాయనకిచ్చాను. కొత్తవి పంపకు.

సగిన్‌బెక్

*

తాష్‌బులాక్,
ఏప్రిల్ 19

సగిన్‌బెక్‌కి,

మాట్లాడకూడదని తెలుసు. ఒక్కటి చెప్పి ఊరుకుంటా.

మార్చి పదిన బస్సెక్కా. ఉన్నవాటిల్లో మంచి కోటు వేసుకున్నా. వంతెన దగ్గర దిగిపోయా. మెదెర్ కారు వెనకే వస్తోందని రాద్దామనుకున్నా, కానీ ఏ కారూ రాలేదు. ఎవడూ ఆపలేదు. ఊరికే దిగిపోయా. నీళ్లు చూస్తూ నిలబడి మధ్యాహ్నం బస్సుకి ఇంటికొచ్చేశా.

నీ ఉత్తరమొచ్చాక మొన్న సోమవారం మళ్లీ వెళ్లా. ఈసారి చివరిదాకా. కోర్టు గుమాస్తా మనూరి అల్లుడే, చూడగానే “రా బెయిషెన్ అన్నా, ఎవర్ని ఏడిపించడానికొచ్చావ్?” అన్నాడు.

“ఆ సంతకాలు నిజమేరా. నేనే ఇంటింటికీ తిరిగి పెట్టించా. నేను రాసిచ్చింది అబద్ధం” అన్నా.

“మరి గొర్రెల్నడిగొచ్చావా?”

గదిలో అందరూ నవ్వారు. ఆ మాట వాళ్ల దగ్గర అరిగిపోయిన మాటట, టీ తాగేటప్పుడు అనుకుంటారట. ఒట్టేసి చెప్పా. ఇంకా నవ్వారు. బల్ల గుద్దా. ఒకడు కళ్లు తుడుచుకుంటూ “అచ్చం ఏడ్చేవాడిలాగే చేస్తున్నాడు చూడండి” అన్నాడు. నేను వేషం వెయ్యట్లేదురా.

చివరికి గుమాస్తాకి నాలో ఏం కనబడిందో నవ్వాపాడు. గొంతు తగ్గించి చెప్పాడు. గడువు అయిపోయిందట. అవకపోయినా, ఒకసారి రాసి సంతకం పెట్టిందాన్ని కొట్టెయ్యడం కుదరదట. నీ రూలే వాళ్లదీ.

బయట బల్లమీద జీపర్ ఉంది, నీకు పొట్లం పంపే కాగితం కోసం వచ్చింది. తలుపు తీసే ఉంది, అంతా విన్నది. నవ్వనిది ఆవిడొక్కతే. నేను దాటిపోతుంటే తలెత్తకుండానే అడిగింది.

“పదో తారీకు ఎక్కడున్నావన్నా?”

నా దగ్గర ఒక్క జోకూ లేదు.

బెయిషెన్